భయం ఒంట్లో దిగితే



నలభై దాటిన బీదర్ వాళ్లను ఎవరినైనా 1993 సెప్టెంబరు 30 గురించి అడగండి. ముందురోజు వినాయక నిమజ్జనం. ఊరేగింపులో గొంతు బొంగురుపోయేదాకా అరిచి, బాగా పొద్దుపోయాక ఇళ్లకు చేరి పడుకున్న రాత్రి అది. తెల్లవారుజామున నాలుగు కావడానికి నాలుగు నిమిషాల ముందు భూమి కదిలింది. ఆ కుదుపు బీదర్‌లో తెలిసింది, హైదరాబాదులోనూ తెలిసింది. బీదర్‌కు పడమటగా సుమారు నూరు కిలోమీటర్లున్న కిల్లారిలో మాత్రం కుదుపుతో ఆగలేదు. ఆ చుట్టుపక్కల లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల పల్లెల్లో కొద్ది క్షణాల్లో పదివేల మంది దాకా పోయారు. రాతి గోడలు, మధ్యలో మట్టి అడుసు, పైన బరువైన మట్టి మిద్దె. నిద్రపోతున్నవాళ్ల మీద వాళ్ల ఇల్లే పడింది.

కిల్లారి మనకు పరాయి సీమ కాదు. నిలంగ, ఉద్గీర్ తాలూకాలు 1956లో రాష్ట్రాల హద్దులు మారేదాకా బీదర్ జిల్లావే. ఇటువైపు జహీరాబాద్, నారాయణఖేడ్ కూడా అంతే. హద్దులు మారాయి గానీ చుట్టరికాలు మారలేదు.

తర్వాత ఆ ఊళ్లకు బియ్యం వచ్చింది, దుప్పట్లు వచ్చాయి, రేకుల షెడ్లు వచ్చాయి, కొన్నేళ్లకు కొత్త ఇళ్లూ వచ్చాయి. అయినా రాతిగోడల మధ్య పడుకోవడానికి జనం జంకారు. భూకంపం జరిగిన తొలి రోజుల్లోనే దిల్లీ నుంచి వెళ్లిన మనోవైద్యులు బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడారు. మాట్లాడినవాళ్లలో సగానికి పైగా మందికి మనసుకు వైద్యం అవసరమని తేల్చారు. సగానికి పైగా. ఇది గుర్తుపెట్టుకోండి. చేతులూ కాళ్లూ బాగానే ఉన్నాయి, ఒంటిమీద గాయం లేదు. నిద్ర మాత్రం రాదు.

ఇవాళ చెప్పుకోబోయేది ఆ గాయం గురించే. దానికి మందు ఎక్కడ వెతకాలో జీవితమంతా ఆలోచించిన ఒక డాక్టరు గురించి కూడా.

ముందు గాయం సంగతి. పెద్ద ఆపద ఎదురైతే ఒంట్లో ఏమవుతుందో మీకు తెలుసు. గుండె దడదడలాడుతుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. నోరు ఎండిపోతుంది. కడుపులో దేవినట్టుంటుంది. మెడ, భుజాలు బిగుసుకుంటాయి. ఇదంతా మనల్ని బతికించడానికే. పరుగెత్తడానికో తిరగబడడానికో ఒళ్లు సిద్ధమవుతోందన్నమాట. ఆపద పోగానే ఒళ్లు కూడా చల్లబడాలి. చాలామందికి చల్లబడుతుంది. కొందరికి చల్లబడదు. దొంగ వెళ్లిపోయి వారమైనా రాత్రంతా మొరిగే కావలి కుక్కలా, ఆ ఒళ్లు ఏళ్ల తరబడి మేలుకునే ఉంటుంది. వీధిలో లారీ పోతే మంచం మీంచి లేచి కూర్చుంటారు. ఇంట్లో గిన్నె జారి పడితే చెమటలు పడతాయి.

మరి అలాంటి మనిషి దవాఖానాకు పోయి ఏమని చెబుతాడు? నాకు భయంగా ఉంది డాక్టరుగారూ అంటాడా? అనడు. నడుము నొప్పి అంటాడు. ఛాతీ పట్టేసినట్టుంది అంటాడు. అరగడం లేదంటాడు. ఇంట్లో వాళ్లు గాబరా అంటారు, జడుపు అంటారు. పెద్దవాళ్లయితే మనాది పట్టుకుంది అంటారు. డాక్టరు ఈసీజీ తీయిస్తాడు, ఎక్స్‌రే తీయిస్తాడు. అన్నీ బాగానే ఉన్నాయని, నీకేం జబ్బు లేదు పొమ్మంటాడు. ఆ మాటతో రోగికి రెండో దెబ్బ తగులుతుంది.

ఈ రెండో దెబ్బ అన్నిటికన్నా పెద్దగా తగిలిన చోటు భోపాల్. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ గ్యాస్ ఊరి మీద పడింది. వేల మంది చనిపోయారు. లక్షల మంది ఆ గాలి పీల్చి బతికారు. బతికినవాళ్లకు ఆయాసం, కళ్ల మంట, దగ్గు. వాటితో పాటు నిద్ర లేకపోవడం, ఉలికిపాటు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం. ఇది ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బా, మనసుకు తగిలిన దెబ్బా? క్లినిక్‌లలో ఈ ప్రశ్న రోజూ వచ్చేది. ఊపిరితిత్తులే అన్నవాళ్లు సిరప్పులు, ఇంజక్షన్లు ఇచ్చి పంపారు. ఇంకో రకం అనుమానం కూడా ఉండేది: పరిహారం కోసం నటిస్తున్నారేమో అని. బాధపడుతున్న మనిషిని ఇంతకన్నా అవమానించే మాట ఉండదు.

1985 ఆరంభంలో అక్కడికి వెళ్లిన నిపుణుల్లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నుంచి వచ్చిన డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి ఒకరు. అప్పుడు లక్నో మనోవైద్యుల బృందం గ్యాస్ క్లినిక్‌లలో చేసిన సర్వేలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా మనోవైద్యం కావలసినవాళ్లే అని తేలింది. మరి అంతమందిని చూడడానికి మనోవైద్యులు ఏరి? లేరు. దేశం మొత్తం మీదే మనోవైద్యులు చాలా తక్కువగా ఉన్న రోజులవి.

శ్రీనివాసమూర్తి, ఆయన సహచరులు వేరే దారి పట్టారు. గ్యాస్ క్లినిక్‌లలో రోజూ రోగుల్ని చూస్తున్న మామూలు డాక్టర్లు దాదాపు 50 మందిని కూర్చోబెట్టి కొద్దిరోజుల పాటు శిక్షణ ఇచ్చారు. రోగి చెప్పేది వినడం, ఒంట్లో ఏమవుతోందో అతనికి అర్థమయ్యేలా చెప్పడం, ఆయాసానికి ఊపిరితిత్తుల మందు ఇస్తూనే నిద్ర గురించీ భయం గురించీ అడగడం. రెండూ ఒకే బల్ల ముందు, ఒకే డాక్టరు దగ్గర. ఆ అనుభవం మీద తయారైన కరదీపికను 1987లో భారత వైద్య పరిశోధన మండలి అచ్చువేసింది. మన దేశంలో ఒక పెద్ద విపత్తు తర్వాత మనసుకు వైద్యం చేయాలని ప్రభుత్వపరంగా పూనుకున్న తొలి సందర్భాల్లో అదొకటి.

మళ్లీ చెబుతాను, ఎందుకంటే అసలు విషయం ఇదే. ఒంటికి ఒక డాక్టరు, మనసుకు వేరే ఊళ్లో వేరే డాక్టరు అంటే జబ్బు నయం కాదు. ఒకే మనిషికి తగిలిన ఒకే దెబ్బ అది. చూడడం కూడా ఒకచోటే చూడాలి.

ఈ ఆలోచన ఆయనకు భోపాల్‌లో ఉన్నట్టుండి తట్టింది కాదు. దానికి ముందు పదేళ్ల కథ ఉంది. 1970లలో శ్రీనివాసమూర్తి చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో డాక్టర్ ఎన్.ఎన్. విగ్‌తో కలిసి పనిచేశారు. చండీగఢ్‌కు దగ్గర్లో, హర్యానాలో రాయ్‌పూర్ రాణి అనే పల్లె ప్రాంతం ఉంది. మానసిక రోగుల్ని పట్నం ఆసుపత్రికి రమ్మనే బదులు, వైద్యాన్నే ఆ పల్లెలకు తీసుకుపోయారు. పల్లె ఆరోగ్య కార్యకర్తలకు నేర్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975 నుంచి కొన్ని దేశాల్లో ఒకేసారి నడిపిన ప్రయోగంలో ఈ రాయ్‌పూర్ రాణి ఒక భాగం. అదే కాలంలో నిమ్హాన్స్ వాళ్లు బెంగళూరు శివార్లలోని సకలవారలో ఇలాంటి పనే చేస్తున్నారు. శ్రీనివాసమూర్తి చండీగఢ్ వదిలి నిమ్హాన్స్‌కు వచ్చాక ఈ రెండు పాయలూ కలిశాయి.

కలిసి ఎక్కడికి పారాయి? మనకు బాగా తెలిసిన ఊరికే. బళ్లారి. వీధిలో కన్నడం, చాలా ఇళ్లలో తెలుగు వినిపించే ఊరు. 1985లో నిమ్హాన్స్ బళ్లారి జిల్లా మొత్తాన్ని ఒక ప్రయోగంగా తీసుకుంది. దాదాపు 20 లక్షల జనాభా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, నర్సులకు, ఊరూరూ తిరిగే కార్యకర్తలకు శిక్షణ. కొద్ది రకాల మందులే, కానీ అవి ఎప్పుడూ దొరకాలి. జ్వరానికి వచ్చే దవాఖానాకే గాబరాకీ రావచ్చు. అయిదేళ్లు నడిచిన ఆ ప్రయోగమే తర్వాత 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. దేశంలో ఇవాళ ఏ జిల్లా దవాఖానాలోనైనా మనోవైద్యుడి గది ఉందంటే దాని మూలం మన పొరుగునున్న బళ్లారిలో ఉంది. ఈ మాట బళ్లారి వాళ్లలోనే చాలామందికి తెలియదు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. బళ్లారిలో అనుకున్నదంతా అన్ని జిల్లాల్లో జరగలేదు. చాలాచోట్ల మాత్రలు ఇవ్వడం మిగిలింది, వినడం పోయింది. వారానికోసారి వచ్చే డాక్టరు ముందు అరవై మంది వరుసలో నిలబడితే ఏ డాక్టరు మాత్రం ఎంతసేపు వింటాడు? ఈ విమర్శ చాలా ఏళ్లుగా ఉంది, అందులో న్యాయమూ ఉంది. శ్రీనివాసమూర్తి తరువాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నివేదికకు ప్రధాన సంపాదకుడయ్యారు. ఆ ఏడు నివేదిక మొత్తం మానసిక ఆరోగ్యం గురించే. అంత పెద్ద వేదిక మీద చెప్పిన మాట తాలూకా దవాఖానా వరండాలోకి చేరేసరికి ఎంత సన్నబడిపోతుందో అందరం చూస్తూనే ఉన్నాం.

ఆ వినడం అనే పని డాక్టర్లే చేయాలా? ఒడిశాలో దీనికి జవాబు దొరికింది. 1999 అక్టోబరు 29న పెనుతుపాను ఒడిశా తీరాన్ని ముంచింది. ఎరసమ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. యాక్షన్ ఎయిడ్ సంస్థ, నిమ్హాన్స్ కలిసి అక్కడి యువతీయువకుల్నే కూడగట్టాయి. వాళ్లకు స్నేహ కర్మీలు అని పేరు. డిగ్రీలు లేవు, తెల్లకోట్లు లేవు. బాధితుల మధ్యే ఉంటూ, వాళ్లతోపాటు తింటూ, వాళ్లు చెప్పుకున్నప్పుడు వినేవాళ్లు.

వాళ్లకు నేర్పిందేమిటో వింటే, ఇదా వైద్యం అనిపిస్తుంది. లోపలున్నది బయటికి చెప్పుకోనివ్వాలి, ఏడవనివ్వాలి. మధ్యలో అడ్డుపడి ధైర్యం చెప్పకూడదు. మనిషిని ఒంటరిగా వదలకుండా చుట్టూ నలుగురిని కూడగట్టాలి. చేతులకు ఏదో ఒక పని కల్పించాలి. పిల్లలకైతే ఆటలు, బొమ్మలు గీయడం, పాటలు. ఒళ్లు సడలించుకోవడం నేర్పాలి. గుడికో మసీదుకో చర్చికో పోయి కాసేపు కూర్చుంటే ఊరట అనిపించేవాళ్లను పోనివ్వాలి. నిమ్హాన్స్‌లో డాక్టర్ కె. శేఖర్ వంటివారు ఈ పాఠాలను చిన్న చిన్న పుస్తకాలుగా రాశారు. 2001 గుజరాత్ భూకంపంలో, 2004 సునామీలో ఇవే పాఠాలు పనికొచ్చాయి.

చూశారా, ఇందులో మాట ఉంది, ఒళ్లు ఉంది, చుట్టూ మనుషులు ఉన్నారు, దేవుడూ ఉన్నాడు. ఏదీ వదల్లేదు. నిజానికి మన పల్లెల్లో చావింటికి పరామర్శకు పోయినవాళ్లు చేసేది చాలావరకు ఇదే. పోయి పక్కన కూర్చుంటారు. చేయి పట్టుకుంటారు. పొయ్యి వెలిగించనివ్వకుండా అన్నం తెచ్చి పెడతారు. ఎలా జరిగిందని ఒకసారి అడిగి, చెబితే వింటారు.

ఒకసారే. ఇది కూడా గట్టిగా చెప్పుకోవాలి. ఏం జరిగింది, ఎలా జరిగింది, నువ్వు ఏం చూశావు అని వచ్చినవాళ్లందరూ గుచ్చి గుచ్చి అడిగితే మేలు జరగదు. విపత్తు జరిగిన వెంటనే బాధితుల చేత అంతా పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతి ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో బాగా నడిచింది. పరీక్షించి చూస్తే దానివల్ల లాభం కనబడలేదు, కొందరికి కీడే జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిక ఆ పని వద్దంటుంది. చెప్పాలనుకుంటే వినండి, చెప్పకపోతే పక్కన ఉండండి.

మాటలతో చేరలేని చోటికి ఒంటి ద్వారా చేరవచ్చా? బోస్టన్‌లో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన డాక్టర్ బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ చేరవచ్చంటారు. ఆయన బృందం 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. ఏళ్ల తరబడి చికిత్స తీసుకున్నా పాత భయం వదలని 64 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. సగం మందికి పది వారాలు యోగా నేర్పారు. మిగతావాళ్లకు ఆరోగ్య పాఠాలు చెప్పారు. యోగా చేసినవాళ్లలో సగం మందికి ఆ భయపు లక్షణాలు రోగం అనదగ్గ స్థాయి కంటే తగ్గిపోయాయి. పాఠాలు విన్నవాళ్లలో అయిదోవంతు మందికే అలా జరిగింది.

మన దగ్గరా చూశారు. సునామీ తర్వాత నెలకు డాక్టర్ షర్లీ టెల్లెస్ బృందం అండమాన్ శిబిరాల్లో ఉన్న 47 మందికి వారం రోజులు యోగా చేయించింది. భయం, దిగులు తగ్గాయి, నిద్ర మెరుగైంది, గుండె వేగం కూడా తగ్గింది. 2008 కోసీ వరదల తర్వాత బిహార్‌లో ఇంకో చిన్న పరిశోధన చేస్తే దిగులు ఒక్కటే తగ్గింది, మిగతావి తగ్గలేదు. ఇవన్నీ చిన్న పరిశోధనలే. యోగాతో అన్నీ పోతాయని ఎవరైనా మైకులో చెబితే నమ్మకండి. ఏమీ లేదనేవాళ్లనూ నమ్మకండి.

ఇందులో తెలుసుకోదగ్గది ఒకటుంది. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే గాబరా పడ్డవాళ్లను గట్టిగా పీల్చమనకూడదు. నెమ్మదిగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలమనాలి. మళ్లీ చెబుతున్నాను: వదలడం పొడవుగా ఉండాలి. ఇంకొకటి. పెద్ద భయం చూసినవాళ్లలో కొందరికి కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకుంటేనే ఆ దృశ్యాలన్నీ ముసురుకుంటాయి. అలాంటివాళ్లను శవాసనం వేయమని బలవంతం చేయకండి. కళ్లు తెరిచే ఉండనివ్వండి, కూర్చుని ఉండనివ్వండి, తలుపు కనిపించే వైపు కూర్చోనివ్వండి. ఆపేస్తానంటే ఆపేయనివ్వండి. ఒకప్పుడు తన ఒంటి మీద తనకే అధికారం లేకుండా పోయిన మనిషి అది. వైద్యంలోనైనా ఆ అధికారం తిరిగి దక్కాలి.

మళ్లీ ఒకసారి కిల్లారి వైపు వద్దాం. భూకంపం తర్వాత అక్కడి జనం మనసుల మీద జరిగిన పెద్ద పరిశోధనకు నాయకత్వం వహించింది పుణె మనోవైద్యుడు డాక్టర్ మోహన్ అగాషే. మీలో సినిమాలు చూసేవాళ్లకు ఆయన ముఖం తెలిసే ఉంటుంది. శ్యామ్ బెనెగల్ 1975లో తీసిన నిశాంత్‌లో, తెలంగాణ పల్లెను పీడించే దొర తమ్ముళ్లలో ఒకరు ఆయనే. అంతకు మూడేళ్ల ముందు ఘాశీరామ్ కొత్వాల్ నాటకంలో నానా ఫడ్నవీస్ వేషం. పొద్దున ససూన్ ఆసుపత్రి, సాయంత్రం రంగస్థలం. 1986లో జర్మనీ నుంచి గ్రిప్స్ అనే పిల్లల నాటక పద్ధతిని పుణెకు తెచ్చారు. తర్వాత మతిమరుపు జబ్బు మీద అస్తు, కుంగుబాటు మీద కాసవ్ అనే మరాఠీ సినిమాలకు వెన్నుదన్నుగా నిలిచారు. ఊరూరా ఆ సినిమాలు వేసి, అయ్యాక జనంతో కూర్చుని మాట్లాడతారు. ఉపన్యాసం చెవి దగ్గరే ఆగుతుంది, చూసింది లోపలికి పోతుందని ఆయన నమ్మకం. రేడియోలో కూర్చుని ఈ మాట ఒప్పుకోవడం కొంచెం కష్టమే అనుకోండి.

ఇక బీదర్. ఈ నేల చూసిన భయాలు భూకంపంతో మొదలు కాలేదు. 1948లో ముందు రజాకార్ల దాడులు, సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యలు. ఆ ఏడాది ఈ జిల్లాలో అన్ని మతాల ఇళ్లలోనూ శవాలు లేచాయి. అప్పుడు మనసుకు వైద్యం అనే మాటే లేదు. చాలామంది ఆ సంగతి పిల్లలకు కూడా చెప్పకుండానే పోయారు.

ఇప్పుడు జడుపు పట్టిందంటే మనవాళ్లు మొదట పోయేది దర్గాకో, నరసింహస్వామి దగ్గరికో, తాయెత్తు కట్టే పెద్దమనిషి దగ్గరికో. దాన్ని చూసి నవ్వే డాక్టర్లున్నారు. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి ఇంకో పద్ధతి నడుస్తోంది. దర్గా ముజావర్లకు మానసిక రోగ లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. దువా చేసి, పక్కనే ఉన్న డాక్టరు దగ్గరికి వాళ్లే పంపుతారు. దవా, దువా అని దానికి పేరు. ఎవరి నమ్మకాన్నీ కించపరచకుండా రోగికి మందు అందుతుంది. అయితే 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా చుట్టుపక్కల ఉన్న ఒక షెడ్డులో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. కట్టేయడం, కొట్టడం, పస్తు పెట్టడం ఎక్కడ కనిపించినా అది వైద్యం కాదు. అక్కణ్ణుంచి మనవాళ్లను వెంటనే తీసుకొచ్చేయాలి.

మరి ఎక్కడికి తీసుకుపోవాలి? బీదర్‌లో బ్రిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. భాల్కీ, బసవకల్యాణ్, హుమ్నాబాద్, ఔరాద్ వైపు వాళ్లు తాలూకా దవాఖానాలో అడగండి. కర్ణాటకలో 2014లో మొదలైన మనోచైతన్య కార్యక్రమం కింద మంగళవారాల్లో మనోవైద్యులు తాలూకా దవాఖానాలకు రావాలి. మీ దగ్గర ఏ మంగళవారం వస్తారో ఆశా అక్కను కనుక్కోమనండి. పోయినప్పుడు నొప్పి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. నిద్ర ఎలా ఉందో చెప్పండి. ఏ శబ్దానికి ఉలిక్కిపడుతున్నారో చెప్పండి. ఎప్పటి నుంచో, ఏం జరిగినప్పటి నుంచో చెప్పగలిగితే చెప్పండి.

దవాఖానాకు పోవడానికి మొహమాటమైతే ఫోన్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. కన్నడంలో మాట్లాడవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, హిందీలోనూ మాట్లాడవచ్చు. పక్కన కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి, నెంబరు నెమ్మదిగా చెబుతాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఇంకోసారి. 14416.